1974 డుకాటి 750 సూపర్ స్పోర్ట్: ఫ్రేమ్ అసలుదే, ఇంజిన్ నంబరు తర్వాత కొట్టింది

ప్రకటనలో ఉన్నవి మూడే సంగతులు. బండి 1974 డుకాటి 750 సూపర్ స్పోర్ట్. పూర్తిగా రీస్టోర్ చేశారు. ఫ్రేమ్ నంబరూ ఇంజిన్ నంబరూ ఒకటే. బండి ఇటలీలో, ఎమిలియా-రొమాన్యాలో ఉంది. కొనాలనుకున్నవారి తరఫున, డబ్బు కట్టేలోపు అది అసలుదో కాదో తేల్చడం మా పని.

ఈ కేసును నడిపించింది ఆ మూడో సంగతి. చాలా కంపెనీల పాత బళ్ళకు రెండు నంబర్లూ కలిస్తే ధర పెరుగుతుంది, అందుకే అమ్మేవాళ్ళు ఆ మాటను ముందు పెడతారు. డుకాటీ మాత్రం ఆ రోజుల్లో ఫ్రేములకూ ఇంజిన్లకూ నంబర్లు విడివిడిగా కొట్టేది. బండి బిగించేటప్పుడు ఏ ఫ్రేముకు ఏ ఇంజిన్ చేతికందితే అది ఎక్కేది. ఈ మోడల్‌లో రెండు వరుసలూ 075తోనే మొదలవుతాయి కాబట్టి నంబర్లు దగ్గరదగ్గరగా ఉండొచ్చు. అచ్చంగా ఒకటే అయితే అది అరుదైన యాదృచ్ఛికం, లేదా ఎవరో పనిగట్టుకుని కలిపిన పని. అంటే కొనేవారికి భరోసాగా చూపించిన మాటే ఇక్కడ మొదట పరీక్షించాల్సిన మాట.

ఈ బండికి దొంగ నకళ్ళు ఎందుకు పుడతాయో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. 1972 ఏప్రిల్ 23న ఇమోలా 200 రేసులో డుకాటి ఇంజినీరు ఫాబియో తాలియోని రూపొందించిన డెస్మో (వాల్వులను స్ప్రింగులు కాక రాకర్లే మూసే ఏర్పాటు) 750ల మీద పాల్ స్మార్ట్ మొదట, బ్రూనో స్పజ్జారి రెండో స్థానంలో వచ్చారు. ఆ గెలుపుకు రోడ్డు రూపమే 1974 సూపర్ స్పోర్ట్. బొలోన్యా శివారు బోర్గో పానిగాలే ఫ్యాక్టరీలో తయారైనవి 401. ఫ్రేముకు వేసిన నీలం కలిసిన ఆకుపచ్చ రంగు వల్ల ప్రపంచమంతా వీటిని 'గ్రీన్ ఫ్రేమ్' అంటారు. వేలంలో లక్ష డాలర్లు దాటి పలికిన బళ్ళున్నాయి. అదే ఫ్యాక్టరీ అదే కాలంలో చేసిన 750 జీటీ, 750 స్పోర్ట్ సంఖ్యలో ఎక్కువ, ధరలో చాలా తక్కువ. గుండ్రటి కవర్ల క్రాంక్‌కేసు (ఇంజిన్ అడుగు పెట్టె, ఇంజిన్ నంబరు ఉండేది దాని మీదే) వాటిదీ ఇదే రకం. కాబట్టి నకలుకు ముడిసరుకు ఎప్పుడూ దొరుకుతుంది.

ఇలాంటి బండి మామూలు అమ్మకాల్లో కనబడటం తక్కువ. సెప్టెంబరులో ఇమోలా సర్క్యూట్‌లో జరిగే పాత బళ్ళ, విడిభాగాల సంత, మిలాన్ దగ్గర నోవెగ్రో సంత, ఇంగ్లండ్‌లో స్టాఫర్డ్ ప్రదర్శనతో పాటు జరిగే వేలం: వెతుకులాట ఎక్కువగా వీటి చుట్టూ తిరుగుతుంది. వేలం సంస్థల పాత కేటలాగులు బండి వెతకడం కంటే బండిని పరీక్షించడానికి ఎక్కువ పనికొస్తాయి. వాటిలో ఫ్రేమ్ నంబరు, ఇంజిన్ నంబరు రెండూ అచ్చవుతాయి. పాతిక ముప్పై అమ్మకాల నంబర్ల జతల్ని ఒక పట్టికలో రాసుకుంటే ఈ మోడల్‌లో రెండు నంబర్ల మధ్య దూరం మామూలుగా ఎలా ఉంటుందో అర్థమవుతుంది. మనం చూస్తున్న ఫ్రేమ్ నంబరు ఇంతకుముందు వేరే ఇంజిన్‌తో ఎక్కడైనా అమ్ముడైందేమో కూడా అక్కడే బయటపడుతుంది. ఈ బండి ఆ పట్టికలో లేదు.

వెళ్ళే ముందు ఫొటోలు అడిగాం. అందంగా తీసినవి కాదు. ఫ్రేమ్ నంబరు, ఇంజిన్ నంబరు, ఒక్కొక్కటీ మూడు కోణాల్లో: ఎదురుగా ఒకటి, ఎడమ నుంచి ఏటవాలు వెలుతురులో ఒకటి, కుడి నుంచి ఒకటి. పక్కన మిల్లీమీటర్ల స్కేలు పెట్టి తీయమన్నాం. ఎదురు వెలుతురులో అన్ని ముద్రలూ ఒకేలా కనిపిస్తాయి. ఏటవాలు వెలుతురులోనే అంకె అంచు, లోతు, చుట్టూ ఉన్న లోహపు తీరు తెలుస్తాయి. ఈ ఫొటోలు ఇవ్వడానికి అమ్మేవాళ్ళు తటపటాయిస్తే ప్రయాణ ఖర్చు పెట్టకపోవడం మంచిది. ఇక్కడ రెండు రోజుల్లో పంపారు, అది వాళ్ళ పక్షాన చెప్పుకోవాల్సిన విషయం.

ఫ్రేమ్ నంబరుతో మొదలుపెట్టాం. అసలు ఫ్రేము మీద డీఎం750ఎస్ఎస్ అని, తర్వాత 075001 నుంచి 075411 లోపు నంబరు ఉండాలి. 075412 నుంచి మొదలయ్యేవి 1975 బళ్ళు. వాటి ఇంజిన్ కవర్లు చదరంగా ఉంటాయి, అది వేరే మోడల్ కింద లెక్క. 750 స్పోర్ట్ ఫ్రేము మీద ఉండేది డీఎం750ఎస్, తర్వాత 75తో మొదలయ్యే ఆరంకెల నంబరు. అంటే స్పోర్ట్ ఫ్రేమును సూపర్ స్పోర్ట్ చేయాలంటే ఇంకో 'ఎస్' చేర్చితే చాలదు. ముందు సున్నా రావాలి కాబట్టి మొత్తం నంబరు అరగదీసి మళ్ళీ కొట్టాలి. ఉక్కు గొట్టం మీద అలా అరగదీస్తే అక్కడ వంపు చదునవుతుంది. పరీక్షకు పెద్ద పరికరం అక్కర్లేదు. సన్నటి ఉక్కు స్కేలును నంబరు మీద అడ్డంగా ఆనించి వెనక నుంచి టార్చి వేస్తే వెలుతురు చారలో తేడా పట్టిస్తుంది. ఇక్కడ వంపు ఎక్కడా తగ్గలేదు. మన ఆర్టీవో ఆఫీసుల్లో ఛాసిస్ నంబరు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీస్తారే, అదే పద్ధతిలో మూడు ముద్రలు తీసుకున్నాం. సుత్తితో పంచ్ (అంకె చెక్కిన ఉక్కు కడ్డీ) కొట్టినప్పుడు పక్కకు తోసుకొచ్చిన లోహం అంకె అంచున చిన్న గట్టులా నిలుస్తుంది. రంగు పొర మందంగా ఉన్నా పెన్సిల్ ముద్రలో ఆ గట్టు తెల్లటి గీతగా కనిపించింది.

ఫ్రేము విషయంలో అసలైన సాక్ష్యం నంబరు కాదు, రంగు. బయట వేసిన ఆకుపచ్చ రంగు కొత్తది, దానికి విలువ లేదు. వెతకాల్సింది రీస్టోర్ చేసినవాళ్ళ చేయి, ఇసుక బ్లాస్టింగ్ తగలని మూలలు: స్టీరింగ్ హెడ్ లోపలి గోడ, బేరింగ్ కప్పుల వెనక అంచు, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) పివట్ లోపల, బ్యాటరీ ట్రే బ్రాకెట్ అడుగు. జీటీ, స్పోర్ట్ ఫ్రేములకు ఫ్యాక్టరీ వేసింది నలుపు (మొదటి జీటీలకు వెండి రంగు). కాబట్టి లోహాన్ని అంటిపెట్టుకుని ఉన్న మొదటి రంగు పొర నలుపో వెండో అయితే అది మార్చిన ఫ్రేమే. అమ్మేవారి ఒప్పుదలతో ముందు ఫోర్కులు దింపి స్టీరింగ్ హెడ్ లోపల గోరంత చోట 1000 నంబరు ఎమరీ కాగితంతో తడిపి, పొరపొరా రుద్దాం. పైనుంచి: కొత్త ఆకుపచ్చ, బూడిద రంగు ప్రైమర్, నలుపు, దాని కింద పాలిపోయిన ఆకుపచ్చ, తర్వాత ఉక్కు. మధ్యలో ఉన్న నలుపు చూసి కంగారుపడక్కర్లేదు. ఈ బళ్ళకు విలువ లేని రోజుల్లో యజమానులు తోచిన రంగు వేసుకున్నారు. ఉక్కు మీద మొదట ఉన్నది ఆకుపచ్చ, అదే కావలసింది. స్వింగ్ ఆర్మ్ పివట్ దగ్గరా ఇదే వరుస వచ్చింది. ఒక్కచోట వస్తే ఎవరో తెలివిగా పూశారనుకోవచ్చు, రెండు దాపు చోట్ల ఒకే వరుస రావడం నమ్మదగినది.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోవాలి. మెరుపు కోసం ఫ్రేమును మొత్తం ఇసుకతో కొట్టించి పౌడర్ కోటింగ్ వేయించేవాళ్ళు ఈ పొరల్ని శాశ్వతంగా పోగొడుతున్నారు, నంబరు అంచుల గట్టు కూడా దానితోపాటే పోతుంది. రంగు రాలి, తుప్పు పట్టి, గీతలతో ఉన్న గ్రీన్ ఫ్రేము తన చరిత్రను తనలోనే మోస్తుంటుంది. అలాంటిది దొరికితే దయచేసి రంగు జోలికి పోవద్దు.

ఫ్రేము తేలింది. ఇంజిన్ దగ్గర కథ మారింది.

1974 సూపర్ స్పోర్ట్ ఇంజిన్ టైపు డీఎం750.1. జీటీ, స్పోర్ట్‌ల ఇంజిన్ టైపు డీఎం750. తేడా ఒక చుక్క, ఒక అంకె. ఈ బండి క్రాంక్‌కేసు మీద '750' అక్షరాల లోతు, అంచులు పాతబడి ఉన్నాయి. పక్కన '.1' ఇరుక్కుని, కొంచెం పైకి లేచి ఉంది, అంచులు పదునుగా ఉన్నాయి. తర్వాత డెప్త్ మైక్రోమీటర్ పెట్టాం. టైపు అక్షరాలున్న తలం కంటే అంకెలున్న తలం 0.3 మిల్లీమీటర్లు పల్లంగా ఉంది. పదింతల భూతద్దంలో ఆ పల్లంలో ఒకే దిక్కుకు సాగిన సన్నటి ఆకురాయి గీతలు, వాటి మీద గాజు పూసలతో బ్లాస్టింగ్ చేసిన మసక కనిపించాయి. గీతలు అంకె కిందికి వెళ్ళి అవతల పక్క మళ్ళీ తేలుతున్నాయి. అంటే ముందు అరగదీశారు, తర్వాత అంకె కొట్టారు.

ఇంతవరకు చూసింది అనుమానానికి చాలుతుంది, నిర్ధారణకు చాలదు. పంచ్ కొట్టినప్పుడు అంకె కింద లోహం కొంత లోతువరకు నలిగి గట్టిపడుతుంది. పైపొర అరగదీసినా ఆ నలిగిన భాగం మిగులుతుంది. తగిన రసాయనం రాస్తే నలిగిన చోటూ నలగని చోటూ వేర్వేరు వేగంతో తినేయబడి పాత అంకె నీడలా తేలుతుంది. ఉక్కులో ఇది బాగా పనిచేస్తుంది. అల్యూమినియం పోతలో అంత తేలిగ్గా రాదు, రసాయనమూ వేరు. ఇంట్లో చేసే పని కాదు. ఒకసారి ఎక్కువసేపు ఉంచితే ఉన్న కాస్త ఆనవాలూ కరిగిపోతుంది, అందుకే ప్రయోగశాలకు అప్పగించాం. ఆరంకెల్లో రెండే తేలాయి, కానీ కావలసిన రెండే తేలాయి. ఇప్పటి మొదటి '0' కింద '7' ఆనవాలు, ఇప్పటి '7' కింద '5' ఆనవాలు. అంటే ఈ క్రాంక్‌కేసు నంబరు ఒకప్పుడు 75తో మొదలైంది. ఇది జీటీదో స్పోర్ట్‌దో అయిన క్రాంక్‌కేసు.

క్రాంక్‌కేసు వేరేది అయినంత మాత్రాన ఇంజిన్ మొత్తం నకలు అనేయలేం. పైభాగం విడిగా చూడాలి. జీటీ, స్పోర్ట్ వాల్వులకు చుట్టల స్ప్రింగులుంటాయి. సూపర్ స్పోర్ట్ డెస్మో. వాల్వును తెరవడానికి ఒక రాకర్ (చిన్న మీట), మూయడానికి ఇంకో రాకర్. వాల్వు కవర్ విప్పితే మూసే రాకర్ రెండు వేళ్ళ ఫోర్కులా వాల్వు కాడను పట్టుకుని ఉంటుంది. కాడ గాడిలో అర్ధచంద్రాకారపు తీగ ముక్కలు రెండు, వాటి మీద షిమ్ (సందు సరిచేసే చిన్న బిళ్ళ) కనిపిస్తాయి. నాలుగు వాల్వులూ విప్పి చూశాం, నాలుగూ డెస్మోవే. హెడ్డు దింపాక వాల్వుల తలలు కొలిస్తే ఇన్‌లెట్ 40 మి.మీ., ఎగ్జాస్ట్ 36 మి.మీ. వచ్చాయి. సరైన కొలతలే.

బోరు (సిలిండరు వ్యాసం), స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) కొలిచేవాళ్ళు ఒక పొరపాటు చేస్తారు. స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి డెప్త్ గేజ్ దింపి స్ట్రోకు 74.4 మి.మీ. వచ్చింది కాబట్టి 750 అని తేల్చేస్తారు. తర్వాత వచ్చిన డుకాటి 860, 900 ఇంజిన్ల స్ట్రోకు కూడా 74.4 మిల్లీమీటర్లే. తేడా అంతా బోరులో ఉంది. 750కి 80 మి.మీ., వాటికి 86. కాబట్టి హెడ్డు దింపి బోరు కొలవక తప్పదు. ఇక్కడ 80.4 వచ్చింది, అంటే ఒకసారి రీబోర్ అయింది. అది లోపం కాదు.

రెండు సిలిండర్లలో నిలువుగా ఉన్నదాన్ని కూడా పైకి తీస్తే పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ బయటపడుతుంది. సూపర్ స్పోర్ట్ రాడ్లు ఉక్కు దిమ్మె నుంచి చెక్కి, పాలిష్ చేసినవి. బిగ్ ఎండ్ (క్రాంకు వైపు కొస) చుట్టూ బలానికి జంట పక్కటెముకలుంటాయి. జీటీ రాడ్లు అలా ఉండవు. ఈ మోడల్ గురించి ఇంత బలంగా మాట్లాడే భాగం ఇంకోటి లేదు, ఎందుకంటే ఇది ఎవరికీ బయటికి కనబడదు కాబట్టి నకలు చేసేవాళ్ళు దీనిమీద డబ్బు పెట్టరు. ఇక్కడ ఉన్నవి జంట పక్కటెముకల రాడ్లే. క్రాంకు, రాడ్లు, హెడ్లు అసలువి, వాటిని మోస్తున్న కేసు మాత్రం వేరేది. ఈ చిత్రం మోసం కంటే మరమ్మతులా కనిపించడం మొదలైంది.

మిగతా భాగాలు త్వరగా చూశాం. డెల్లోర్టో పీహెచ్ఎం 40 కార్బురేటర్లు, 38 మి.మీ. మార్జోక్కి ఫోర్కులు, 18 అంగుళాల బొరానీ రిమ్ములు, కాంతి సైలెన్సర్లు ఉన్నాయి, కానీ వీటిలో ప్రతిదీ డబ్బుతో కొనొచ్చు. బొరానీ రిమ్ములు నేటికీ తయారవుతున్నాయి, కాంతి సైలెన్సర్లకు నకళ్ళు బోలెడు. ఇవి ఉన్నాయంటే బండి అసలుదని కాదు, లేవంటే నకలనీ కాదు. ముందు బ్రేకులు ఇక్కడ బ్రెంబో. ఫ్యాక్టరీ ఇచ్చింది స్కారబ్. వాటి మీద నమ్మకం లేక చాలామంది ఆనాడే మార్చేశారు. మార్చడం సబబే, అసలు స్కారబ్‌లు డబ్బాలో పెట్టి ఇస్తే ఇంకా మంచిది. డిస్కులు బీడువి కావడం మంచి గుర్తు, తడి గుడ్డతో తుడిచి రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రటి తుప్పు పొర వచ్చింది.

ట్యాంకు మాత్రం ఆగి చూడాల్సినది. అసలుది ఫైబర్‌గ్లాస్, పక్కన పెట్రోలు మట్టం కనబడేలా రంగు వేయని పట్టీ ఉంటుంది. అయస్కాంతం అంటకపోవడం చూసి సరిపెట్టుకోవద్దు, అల్యూమినియం నకలుకూ అంటదు. వేలితో తట్టి శబ్దం వినాలి, మూత తీసి లోపల గాజు నార అల్లిక ఉందో లేదో టార్చితో చూడాలి. రంగు మందం కొలిచే మామూలు గేజ్ ఉక్కు ఫ్రేము మీద పనిచేస్తుంది, ఫైబర్ మీద పనిచేయదు. పెట్రోలులో కలిపే ఇథనాల్ పాత రెజిన్‌ను మెత్తబరుస్తుంది. కరిగిన రెజిన్ కార్బురేటర్లలోకి దిగి జెట్లలోనూ స్లైడ్ల మీదా గోధుమరంగు జిగురుగా పేరుకుంటుంది. ఈ బండిలో స్లైడ్లు శుభ్రంగా ఉన్నాయి, ఎందుకంటే ట్యాంకు లోపల ఎపాక్సీ పూశారు. పూత వల్ల పట్టీ పచ్చబడి మట్టం కనబడటం లేదు. అసలు ట్యాంకు బతకడానికి ఇచ్చిన మూల్యంగా దాన్ని ఒప్పుకోవచ్చు.

కాగితాల పని ఎక్కువ రోజులు పట్టింది. ఇటలీలో వాహన యాజమాన్యపు రిజిస్టరును పీఆర్ఏ అంటారు, ఆటోమొబైల్ క్లబ్ ఆఫ్ ఇటలీ నడుపుతుంది. నంబరు ప్లేటు మీద మామూలు విచారణ చేస్తే ఇప్పటి యజమాని వివరమే వస్తుంది. అడగాల్సింది 'ఎస్త్రాత్తో క్రోనొలోజికో', అంటే మొదటి రిజిస్ట్రేషన్ నుంచి నేటివరకు చేతులు మారిన వరుస. పాత బళ్ళవి కాగితపు రిజిస్టర్లలో ఉంటాయి కాబట్టి తెచ్చుకోవడానికి ఓపిక కావాలి. ఇటాలియన్ పత్రాల్లో 'తెలాయో' అంటే ఫ్రేము, 'మొతోరె' అంటే ఇంజిన్, మెకానిక్ బిల్లులో 'కార్తెర్' అంటే క్రాంక్‌కేసు. ఈ మూడు మాటలు గుర్తుపెట్టుకుంటే పత్రంలో ఎక్కడ చూడాలో తెలుస్తుంది. ఫ్రేము మీదుండే డీజీఎం ఆమోద సంఖ్యను కూడా 'లిబ్రెత్తో' అనే పాత రిజిస్ట్రేషన్ పుస్తకంతో సరిపోల్చాలి. ఇక్కడ రెండూ కలిశాయి. రిజిస్ట్రేషన్ వరుసలో ఖాళీ లేదు.

ఆ వరుసలో 1980లలో బండి ఉన్న ఇంటి ఆచూకీ దొరికింది. వాళ్ళు దాచిన కాగితాల కట్టలో 1983 నాటి వర్క్‌షాప్ బిల్లు ఒకటి ఉంది. చైన్ తెగి ముందు స్ప్రాకెట్ దగ్గర ముద్దగా చుట్టుకుని క్రాంక్‌కేసును పగలగొట్టిందని, వేరే 'కార్తెర్' వేసి పాత క్రాంకు, హెడ్లు ఎక్కించారని రాసి ఉంది. ఆ మెకానిక్ పద్ధతిగల మనిషి. పగిలిన కేసు నంబరు కూడా బిల్లులో రాశాడు. అది 075 వరుసలోనే ఉంది, ఫ్రేమ్ నంబరుకు 14 తేడా. అంటే ఈ బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడే రెండు నంబర్లు వేరు. 1983లో చేసింది నిజాయితీ గల మరమ్మతు. తర్వాత రీస్టోర్ చేసిన కాలంలో ఎవరో ఆ కేసు నంబరు అరగదీసి, ఫ్రేమ్ నంబరునే దానిమీద కొట్టారు. ఫ్యాక్టరీ ఎన్నడూ ఇవ్వని జతను ఇచ్చారు.

నివేదికలో మూడు వాక్యాలు రాశాం. ఫ్రేము అసలైన 1974 సూపర్ స్పోర్ట్ ఫ్రేము. క్రాంకు, రాడ్లు, హెడ్లు ఆ మోడల్‌వే. క్రాంక్‌కేసు జీటీ లేదా స్పోర్ట్‌ది, దానిమీద ఉన్న నంబరు ఫ్యాక్టరీ ముద్ర కాదు. ఇది చూశాక అమ్మేవారు అడిగిన ధర దాదాపు పావు వంతు తగ్గింది. కొనుగోలు పత్రంలో ఆ మూడో వాక్యాన్ని యథాతథంగా చేర్చి ఇద్దరూ సంతకం పెట్టారు. మళ్ళీ అమ్మే రోజు వచ్చినా ఆ వాక్యం బండితో పాటే వెళ్తుంది.

బిల్లులో ఉన్న అసలు నంబరును ఇప్పటి కేసు మీద కొట్టించాలా అని కొన్నవారు అడిగారు. వద్దన్నాం. అదీ ఇంకో కల్పితపు ముద్రే అవుతుంది, పైగా ప్రయోగశాల తేల్చిన ఆనవాళ్ళు చెరిగిపోతాయి. కేసు ఉన్నది ఉన్నట్టే ఉంది. బిల్లు నకలు, పెన్సిల్ ముద్రలు, పొరల ఫొటోలు, మైక్రోమీటర్ కొలతలు ఒక ఫైలులో పెట్టాం. ఈ రాతలో నంబర్లు పూర్తిగా ఇవ్వలేదు, ఎందుకంటే బయటికి తెలిసిన అసలు నంబరే ఇంకో ఫ్రేము మీదికి ఎక్కుతుంది.

బండి స్టార్ట్ చేయడానికి ముందు ఒక పని మిగిలింది. గుండ్రటి కవర్ల ఇంజిన్‌లో కాగితపు ఆయిల్ ఫిల్టరు లేదు, జాలీ ఒక్కటే ఉంటుంది. సన్నటి మడ్డి అంతా క్రాంకు లోపలి స్లడ్జ్ ట్రాప్‌లో పేరుకుంటుంది. అది నిండితే బిగ్ ఎండ్ బేరింగుకు ఆయిల్ అందదు. 1983లో క్రాంకు బయటికి తీసినప్పుడు ట్రాప్ శుభ్రం చేశారో లేదో బిల్లులో లేదు, రీస్టోరేషన్ కాగితాల్లోనూ ఆ ఊసు లేదు. సిలిండర్లు ఎలాగూ విప్పి ఉన్నాయి కాబట్టి కేసు కూడా విడదీసి, క్రాంకు బయటికి తీసి, ట్రాప్ ప్లగ్ విప్పించాం. లోపల మూడొంతులు నల్లటి మడ్డి గట్టిపడి ఉంది.